పొట్టి ప్రార్థనలు

నర్సు పుస్తకం మళ్ళీ అచ్చుకి వెళ్ళిందని పాస్టరుగారు ఆరాధన మధ్యలో ప్రకటించగానే అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపాను. ఎవరి కడుపు మండుతోందో తెలుసుకోవాలంటే ఎవరు గట్టిగా చప్పట్లు కొడుతున్నారో చూస్తే చాలు.

ఆ వేసవిలో చర్చి పైకప్పు విప్పేశారు. వానలు మొదలయ్యేలోగా కొత్తది వేయాలి. అందాకా ఆదివారం ఆరాధనలు వంతులవారీగా ఇళ్ళలో జరిగేవి. ఎవరింట్లో జరిగినా కుర్చీలు చాలవు, ఫ్యాను గాలి ముందువరసకే. ఆ ఇరుకులో నర్సు నాకు సరిగ్గా ఎదురుగా పడేది. తల వంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎంత వినయమో!

ఆ పిల్ల ఎవరో కాదు. నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు మూడేళ్ళు మా మేడమీద గదిలో అద్దెకుంది. నన్ను పిన్నీ అనేది, మా ఆయన్ని బాబాయ్ అనేది. సాయంత్రం మా ఇంటి ప్రార్థనలో కూర్చునేది. నేను సంఘం మాసపత్రికకి కథలు రాస్తుంటే పక్కన చేరి, "నాకూ నేర్పండి పిన్నీ" అంది. నేర్పాను. వాక్యం ఎక్కడ ఆపాలో, ఏ మాట కొట్టేయాలో నేర్పాను. ఇప్పుడు ఆవిడ రోగుల కోసం రాసిన చిన్న చిన్న ప్రార్థనల పుస్తకం ఆస్పత్రుల్లో మంచం మంచానికీ ఉంది. నేను రాసిన రెండు కథల పుస్తకాలు కట్టలు విప్పకుండా మా అత్తయ్య మంచం కింద ఉన్నాయి.

"పోనీలేమ్మా, కింద దేవుడి మాట ఉందంటే నిద్ర బాగా పడుతుంది" అని అత్తయ్య నన్ను ఓదారుస్తుంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

ఆరాధన అయ్యాక నర్సు దగ్గరికి వెళ్ళి అభినందించాను. "మహిమంతా దేవుడిదే పిన్నీ" అంది.

మహిమ దేవుడికి పంపేసి శాలువాలు మాత్రం తన దగ్గర ఉంచుకుంటోంది కాబోలు. పైకి మాత్రం, "అవునమ్మా, అవును" అన్నాను.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆ పుస్తకం నేను చదవలేదు. ఆ వారం చదివాను, పెన్సిలు పట్టుకుని మరీ. తప్పులు దొరికితే మనశ్శాంతి దొరుకుతుందని ఆశ. నాలుగో పేజీలో పెన్సిలు ఆగిపోయింది.

'ప్రభువా, ఈ పూటకి సరిపడా ఓపిక ఇవ్వు. రేపటిది రేపు వచ్చి అడుగుతాం.'

ఇంకో చోట: 'మా నొప్పి నీకు తెలియదని కాదు. చెప్పుకుంటే మాకు తగ్గుతుందని చెబుతున్నాం.'

ఇవి ఆ పిల్ల మాటలు కావు. ఆ పిల్ల వాక్యాలు నాకు తెలుసు, నేనే కదా దిద్దాను! పొడుగ్గా, ముద్దుముద్దుగా, అక్కర్లేని పువ్వులతో ఉండేవి. ఇవి మా ఆయన మాటలు. ఆయనకి పెద్దాస్పత్రి ఎదురుగా మందుల దుకాణం ఉంది. 'ఈ పూటకి మాత్రలివ్వండి, మిగతావి రేపు తీసుకుంటాం' అని వచ్చేవాళ్ళే అక్కడ సగంమంది. ఉన్న నొప్పినే రోజూ కొత్తగా చెప్పుకునే ముసలివాళ్ళకి ఆయన కుర్చీ వేసి మరీ వింటారు. ఆ దుకాణం వాసన ఆ పుస్తకం ప్రతి పేజీలోనూ కొట్టింది.

మీరనుకునే అనుమానం కాదు నాది. అలాంటిదైతే ఒక కేకతో తేలిపోయేది. నాది అంతకంటే పెద్దది: ఈయన ఆ పిల్లకి రాసిపెడుతున్నారు. నేను రాసిన ప్రతి కథా ముందు ఈయనకే చదివి వినిపించాను. అన్నిటికీ ఒకటే జవాబు, "బాగుంది." ఒక్కసారైనా, ఇక్కడ ఈ మాట వేసి చూడు అనలేదు. నాకివ్వని మాటలు బయటివాళ్ళకి ఎలా ఇచ్చారు? ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నా మనిషేనా కాదా అన్నదే నా ప్రశ్న. పుస్తకాలదేముంది, మంచం కింద పడుంటాయి.

ఇక నిఘా మొదలుపెట్టాను. మధ్యాహ్నం క్యారియరు దుకాణంలో పనిచేసే మనిషి వచ్చి తీసుకెళ్ళేవాడు. అతన్ని వద్దని నేనే పట్టుకెళ్ళాను. అనుకున్నంతా అయింది. నర్సు డ్యూటీ బట్టల్లోనే కౌంటరు మీద మోచేతులు ఆన్చి ఏదో అడుగుతోంది, మా ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ టక్కున ఆగిపోయారు.

"ఇంత ఎండలో మీరొచ్చారేంటి పిన్నీ?" అంది.

"ఎండ నాకొక్కదానికేనా? నువ్వు రాలేదూ?"

నవ్వింది. "ఇంకో పుస్తకం కావాలంటున్నారు పిన్నీ. అదే, బాబాయిని అడుగుతున్నా."

"ఏమని?"

ఆ పిల్ల మా ఆయన వంక చూసింది. మా ఆయన ఎవరూ అడగని మందు కోసం వెనక అరల్లోకి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక కూర్చోబెట్టి అడిగాను. "ఏమడిగింది మిమ్మల్ని?"

"ఏదో పుస్తకం సంగతి."

"పుస్తకాల సంగతి మీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు. అదే చెప్పాను" అన్నారు. ఆ ముఖంలో ఒక్క గీతైనా కదలాలి కదా! నా చెవిలో పువ్వులు పెడుతున్నారని అర్థమైపోయింది.

అప్పట్నుంచి ఆయన చొక్కా జేబులు వెతికాను, వేలికి సిరా అంటిందేమో చూశాను. ఒకరోజు అత్తయ్య పట్టేసింది.

"ఏం వెతుకుతున్నావే?"

"బొత్తాం ఊడింది."

"జేబులోనా?" అంది అత్తయ్య. ఆవిడకి కళ్ళు మసకే గాని చెవులూ బుర్రా పదునే.

ఇంతలో ఆదివారం వంతు మాకొచ్చింది. మా హాల్లో సోఫాలు బయట పెట్టి చాపలు పరిచాం. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరుగారు లేచి, "నర్సమ్మగారి పుస్తకం విషయమై దేవుడికి కృతజ్ఞత చెల్లిద్దాం. ఆమెకి కలం పట్టడం నేర్పిన గురువుగారే ప్రార్థన చేస్తారు" అని నావైపు చెయ్యి చూపించారు.

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరూ ఒప్పుకోరు గాని అందరికీ ఉంది. ముఖం మీద అనలేని మాటని ప్రార్థనలో అనేస్తాం. వంట కుదరకపోతే, 'వండిన చేతులకి ఇంకా నేర్పు దయచేయుము' అంటాం. పాస్టరుగారి ప్రసంగం సాగితే, 'సమయం నీవిచ్చిన వరమని మాకు గుర్తుచేయుము' అంటాం. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు, మధ్యలో అడ్డు తగిలేవాడు ఉండడు, పైగా చివర్లో అందరూ ఆమెన్ అనాలి. ఇంత వాటమైన ఆయుధం ఇంకెక్కడుంది!

లేచి నిలబడ్డాను. పుస్తకం కోసం స్తోత్రం చెప్పాను, చదివిన రోగుల కోసం చెప్పాను. గొంతు కాస్త పెంచి, "ప్రభువా, ఇతరుల నోటి మాటలు తీసుకుని తమవని చెప్పుకునేవాళ్ళని క్షమించు. తెర వెనక ఉండి ఆ మాటలు అందించేవాళ్ళని కూడా క్షమించు. వాళ్ళకి నిజం ఒప్పుకునే ధైర్యం ఇవ్వు" అన్నాను.

"ఆమెన్" అన్నారందరూ. అత్తయ్య అందరికంటే గట్టిగా అంది.

కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో! ఇంతలో ఎవరూ పిలవకుండానే నర్సు గొంతు వినిపించింది.

"ప్రభువా, పిన్ని అన్నది నిజమే. ఆ మాటలు నావి కావు. ఈ హాల్లోనే సాయంత్రం ప్రార్థనలో బాబాయి నోట విన్నాను. మంచాల దగ్గర రోగులకి అవే చెప్పాను, వాళ్ళు రాసిమ్మంటే రాసిచ్చాను. పేరు వేస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు, ప్రార్థనకి పేరేంటన్నారు. ఇప్పుడు ఇంకొన్ని అడుగుతున్నా ఇవ్వట్లేదు. దాచినందుకు నన్ను క్షమించు. పిన్ని దగ్గర మాత్రం ఏదీ దాగదని నాకు ముందే తెలుసు. మూడేళ్ళు విన్న నాకే కంఠతా వచ్చాయి, పిన్ని పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ వింటున్నారు కదా. ఆమెన్."

నేను కళ్ళు తెరిచాను. అన్ని వంచిన తలల మధ్య మా ఆయన కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నావైపే చూస్తున్నారు. తర్వాత మెల్లగా మూసుకున్నారు.

అందరూ టీలు తాగి వెళ్ళేదాకా ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. కప్పులు కడుగుతుంటే ఆయన వచ్చి తుడిచే గుడ్డ తీసుకున్నారు.

"సాయంత్రం మీరు చేసేది అలాంటి ప్రార్థనా?" అన్నాను.

"అలాంటిదే."

"రోజూనా?"

"రోజూనే."

"మరి నేనెందుకు వినలేదు?"

ఆయన కప్పు తుడిచి బోర్లించారు. "నువ్వు కళ్ళు మూసుకోగానే నీ కథలోకి వెళ్ళిపోతావు కదా. అప్పుడెప్పుడో ఒకరోజు ప్రార్థన మధ్యలో నాకు దగ్గొచ్చింది. ఆగాను. నువ్వు ఆమెన్ అనేసి లేచి వెళ్ళి రాసుకోవడం మొదలెట్టావు. పాపం, పని ఉన్నట్టుందని అప్పట్నుంచి పొట్టిగా చేస్తున్నాను."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాలుగు మాటలు అంటించి గెలిచేదాన్ని. ఆ పుస్తకం గురించి పత్రికల్లో రాసినవాళ్ళంతా ఒకటే మెచ్చుకున్నారు, ఎంత క్లుప్తత, ఎంత పొదుపు అని. ఆ పొదుపు నావల్ల వచ్చింది! నేను వినకపోవడంవల్ల వచ్చింది. మాటల కోసం నేను లోకమంతా దేవులాడుతుంటే, అవి పక్క చాప మీద పుట్టి, నా చెవి పక్కనుంచే వెళ్ళి, మేడమీద గదిలో అద్దెకున్న పిల్ల చెవిలో పడ్డాయి. సింకు దగ్గరే ఏడుపొచ్చింది. ఎవరిమీద ఏడవాలో తెలీక ఇంకా ఏడుపొచ్చింది.

"ఊరుకో. అవేం పెద్ద మాటలని!" అన్నారాయన.

ఆ సాయంత్రం ప్రార్థనకి అందరికంటే ముందు నేను వచ్చి కూర్చున్నాను. కళ్ళు మూసుకోలేదు. ఒక్క అక్షరం వదలకూడదని ఆయన పెదవులే చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకుని, మమ్మల్ని ఒకసారి చూసి, పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. పసిపిల్లలకి కూడా నోటికొచ్చే ప్రార్థన. మేమూ గొంతు కలిపాం. అంతే, అయిపోయింది.

మర్నాడూ అదే. ఆ తర్వాతా అదే.

తర్వాతి ఆదివారం ఇంకొకరింట్లో ఆరాధన. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ముందే వచ్చి కూర్చున్నారు. పాస్టరుగారు నవ్వుకుంటూ మా ఆయన్ని ప్రార్థన చెయ్యమన్నారు. ముందువరసలో ఒకావిడ రికార్డు చేద్దామని ఫోను బయటికి తీసింది. ఆయన ఆ ఫోను వంక చూశారు. లేచి, "అందరం పరలోక ప్రార్థన చెప్పుకుందాం" అన్నారు. పాస్టరుగారి ముఖం మాడిపోయింది. నాకు ఆయన్ని ఆ గదిలోంచి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోవాలనిపించింది. నేను వినడం మొదలుపెట్టేసరికి ఆయన మాట్లాడటం మానేశారు, అదీ నా నిర్వాకంవల్లే.

"వాడి నోరు కట్టేశావు కదే" అంది అత్తయ్య ఇంటికొచ్చాక. ఈసారి అది ఓదార్పు కాదని తేల్చుకోవడానికి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

నర్సు ఆ వారంలోనే ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలెట్టింది. "బాబాయి దుకాణంలో కూడా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు పిన్నీ. అందరిముందూ అలా ప్రార్థన చేసే బదులు నన్ను పక్కకి పిలిచి అడగొచ్చు కదా!"

"పుస్తకం మీద ఆయన పేరు ఒక్క ముక్క వేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్ళే కాదు."

"వద్దన్నారని చెప్పాను కదా!"

"వద్దంటే మానేస్తావా? మొహమాటానికి ఎవరైనా వద్దంటారు. శాలువా కప్పినప్పుడు నువ్వూ వద్దన్నావు, కప్పించుకోలేదూ?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "సరే పిన్నీ, తీసుకున్నాను, తప్పే. కానీ రోగుల కోసం చేసినవే తీసుకున్నాను. మీ కోసం చేసినవి ఒక్కటి కూడా ముట్టుకోలేదు."

"నా కోసమా?"

"రోజూ చేసేవారు కదా."

గుమ్మం పట్టుకున్నాను. "ఏమని చేసేవారు?"

నేను ఎగతాళి చేస్తున్నానేమో అనుకుంది ముందు. కాదని తెలిశాక గొంతు తగ్గిపోయింది. "నన్నడక్కండి పిన్నీ. నేను చెబితే మళ్ళీ అవి నా మాటలైపోతాయి" అని వెళ్ళిపోయింది.

ఆ పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా, ఎన్ని ఊళ్ళు తిరిగినా నాకు ఆ పిల్లమీద పుట్టిన కుళ్ళు ఆ రోజు పుట్టినదాని ముందు లెక్కలోది కాదు. నా మొగుడు నా గురించి దేవుడితో ఏం చెప్పుకున్నాడో ఆ పిల్లకి తెలుసు, నాకు తెలీదు. అత్తయ్యకీ తెలుసుండాలి. అడిగితే, "నేను చెవిటిదాన్ని కదమ్మా" అంది, కొత్తగా.

చివరికి ఆయన్నే అడిగాను. మందుల పెట్టెలు విప్పి వేటికవి సర్దుతున్నారు.

"నా కోసం ప్రార్థన చేసేవారట."

"చేసేవాణ్ణేంటి? ఇప్పుడూ చేస్తున్నాను."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. దుకాణం షట్టరు సగం ఎత్తి, లోపల."

"ఏమని?"

"చెప్పను."

"కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదా?"

"చెప్పచ్చు" అన్నారు, పెట్టె మూత మూస్తూ. "చెబితే రాసేస్తావు."

"ఛ, రాయను" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. నేను వేరేవైపు చూశాను. రాసేదాన్నే.

వానలు పడ్డాయి. చర్చికి కొత్త కప్పు పడింది, ఇళ్ళలో ఆరాధనలు ఆగిపోయాయి, మా సోఫాలు మళ్ళీ హాల్లోకొచ్చాయి. నా అనుమానం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏమని చేస్తున్నారు? నాకు బుద్ధి ఇమ్మని అడుగుతున్నారా? గర్వం అణచమని అడుగుతున్నారా? నా పుస్తకాలు అమ్ముడుపోవాలని అడుగుతుంటే మాత్రం దేవుడు ఇన్నేళ్ళూ వినిపించుకోలేదన్నమాట, మా ఇంట్లో నాలాగే.

ఒకరోజు పొద్దున ఆయన సంచీలోంచి కళ్ళజోడు తీసి దాచేశాను. ఆయన వెళ్ళాక, అయ్యో మర్చిపోయారే అని అత్తయ్య వినేలా అని, గొడుగు పట్టుకుని బయల్దేరాను.

"మర్చిపోయాడా, పాపం" అంది అత్తయ్య, నావైపు తిరగకుండానే.

వీధిలో ఇంకా దుకాణాలు తెరవలేదు. మా షట్టరు సగానికి లేచి ఉంది. చెప్పుల చప్పుడు కాకుండా గోడ వారగా వెళ్ళి నిలబడ్డాను. లోపల ఆయన గొంతు. మాటలు తెలియడం లేదు గాని ఆ ధోరణి తెలుస్తోంది, నెమ్మదిగా, తొందర లేకుండా, కౌంటరు దగ్గర పాత పరిచయస్తుడితో మాట్లాడుతున్నట్టు. మధ్యలో ఆగుతున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, అంతా వినిపిస్తుంది. వేశాను. "ఈమెకి..." అన్న మాట వినబడింది.

ఆ ఒక్క మాటకే నా బుర్రలో పని మొదలైపోయింది. 'షట్టరు కింది నుంచి వెలుతురు చారలా పడుతోంది' అని ఒక వాక్యం, దాని వెనక ఇంకోటి, ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి అని. ఆయన తర్వాత రెండు మూడు మాటలు అనేశారు కూడా. వాటిని నేను వినలేదు. నాకు సిగ్గేసింది. ఒళ్ళు మండింది కూడా, నామీద నాకే. గొడుగు విప్పుకుని గబగబా వీధి దాటేసి అవతలి గట్టు మీద నిలబడ్డాను. అక్కడికి వాన చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

కాసేపటికి నైట్ డ్యూటీ దిగి నర్సు వచ్చింది. దుకాణం వైపు వెళ్ళబోతూ నన్ను చూసి ఇటొచ్చింది. గుమ్మంలో గొడవ తర్వాత మేము మాట్లాడుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేక.

"ఇక్కడ నిలబడ్డారేంటి పిన్నీ?"

"లోపలున్నారు."

షట్టరు వంక చూసింది. అర్థమైంది. "వినబడుతోందా?"

"ఇక్కడికి వినబడదు."

వెళ్తుందేమో అనుకున్నాను. వెళితే ఆపేదాన్ని కాదు, ఆపే హక్కు నాకేముంది? సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, నా గొడుగు కిందికి వచ్చి నిలబడింది. ఇద్దరం ఆ సగం ఎత్తిన షట్టరునే చూస్తున్నాం.

"చాలాసేపయిందా?" అంది.

"అయింది."

"ఇంకా అవలేదా?"

"అవలేదు" అన్నాను. "పొడుగ్గానే చేస్తున్నారు."